కొలత తప్పిన ముద్ద: పెంపుడు కుక్కలూ పిల్లులూ ఎప్పటి నుంచి లావయ్యాయి?



లావు గురించి చెప్పడానికి తెలుగులో చాలా మాటలున్నాయి. "బొద్దుగా ఉంది" అంటే ముద్దుగా చెప్పడం. "కాస్త ఒళ్ళు చేసింది" అంటే మర్యాదగా చెప్పడం. "లావుగా ఉంది" అంటే ఉన్నమాట చెప్పడం. పేపర్లలో, ఆస్పత్రుల్లో ఊబకాయం, స్థూలకాయం అంటారు. మనింటి కుక్క గురించి మాట్లాడేటప్పుడు మనం మొదటి మాట దగ్గరే ఆగిపోతాం. "మా టామీ బొద్దుగా ఉంటాడు" అని నవ్వుతాం. పశువుల డాక్టరు మాత్రం చివరి మాట వాడతాడు.

డాక్టర్లు ఆ మాటను ఈ మధ్య చాలా ఎక్కువగా వాడాల్సి వస్తోంది. పెంపుడు జంతువుల ఊబకాయం మీద పనిచేసే ఒక అమెరికన్ సంస్థ 2022లో సర్వే చేసింది. ఆ సర్వేలో కుక్కల్లో 59 శాతం, పిల్లుల్లో 61 శాతం ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నాయని తేలింది. అంటే సన్నగా ఉన్న కుక్క ఇప్పుడు మైనారిటీ.

ఇది ఎప్పటి నుంచో ఉన్న సంగతి కాదు. కుక్క వేల ఏళ్ళుగా మనతో ఉంది. మామూలు ఇళ్ళలో కుక్కలు లావెక్కడం మాత్రం నిన్నమొన్నటి కథ. ఆ కథ మొదలై 160 ఏళ్ళ పైన అయింది, ముదిరి 70 ఏళ్ళు అయింది. ఈ వ్యాసంలో ఆ కథ చెప్తాను. కథంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: కొలత. కుక్కకి ఎంత పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆ నిర్ణయం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినప్పుడల్లా కుక్క నడుము మారింది.

మిగిలిందే తిండి

ముందు కొన్ని తెలుగు మాటలు చూద్దాం. ఎంగిలి అంటే ఒకరు తినగా మిగిలింది, నోరు తగిలింది. ఇంగ్లీషులో దీనికి సరైన మాట లేదు. చద్దన్నం అంటే రాత్రి వండిన అన్నం మర్నాడు తినేది. మాడు అంటే గిన్నె అడుగున అంటుకున్న అన్నం. గంజి అంటే అన్నం వార్చిన నీళ్ళు. కుడితి అంటే బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు, కూరగాయల తొక్కలు కలిపి గేదెకి పెట్టేది. ఈ మాటలన్నీ ఒకే విషయం చెప్తాయి. వంటింట్లో ఏదీ వృథా కాదు. మనిషి తిన్నాక మిగిలింది జంతువుకి వెళ్తుంది.

పాత ఊళ్ళలో కుక్క తిండి ఇదే. ఎక్కువ మిగిలిన రోజు ఎక్కువ, తక్కువ మిగిలిన రోజు తక్కువ. పండగనాడు కాస్త బాగుంటుంది, కరువులో ఏమీ ఉండదు. మిగతాది అది ఊరంతా తిరిగి సంపాదించుకోవాలి. అలా తిరిగే కుక్క లావెక్కడం కష్టం.

యూరప్‌లో కూడా ఇంచుమించు ఇంతే. రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ రచయిత వర్రో వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. కుక్కకి బార్లీ రొట్టెను పాలలో నానబెట్టి పెట్టమన్నాడు. మాంసం తినే జంతువుకి రొట్టె ఏమిటి అని మనకి అనిపించవచ్చు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కుక్క జన్యువుల్నీ తోడేలు జన్యువుల్నీ పోల్చి చూశారు. పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు కాపీలు తోడేలుకి రెండే ఉన్నాయి. కుక్కకి అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. మనిషి పక్కన బతికి, మనిషి మిగిల్చింది తిని, కుక్క ఒళ్ళే మారింది. రొట్టె అయినా అన్నం అయినా దానికి వంటబడుతుంది. "వంటబట్టడం" అంటే తిన్నది ఒంటికి పట్టడం. చదువుకి కూడా ఇదే మాట వాడతాం.

పిల్లి సంగతి వేరు. దాన్ని మనుషులు ధాన్యం కొట్లో ఎలకల కోసం ఉంచుకున్నారు. దాని తిండి అదే చూసుకునేది. ఒక ఎలకలో దాదాపు 30 కేలరీలుంటాయి. పిల్లి రోజంతా కొంచెం కొంచెంగా వేటాడి ఎనిమిదో పదో తింటే దాని కడుపు నిండుతుంది. ఒక్కో ముద్ద వెనక ఒక్కో పరుగు ఉంది.

19వ శతాబ్దంలో లండన్ లాంటి పెద్ద ఊళ్ళలో కొత్త వ్యాపారం ఒకటి వచ్చింది. చచ్చిన గుర్రాల మాంసాన్ని ఉడికించి, పుల్లలకి గుచ్చి, వీధి వీధికి తిరిగి అమ్మేవాళ్ళు. హెన్రీ మేహ్యూ అనే జర్నలిస్టు 1851లో లండన్ పేదల గురించి రాసిన పుస్తకంలో వీళ్ళ గురించి కూడా రాశాడు. ఆ వ్యాపారి ఇంగ్లీషు పేరుని తెలుగులోకి మారిస్తే "పిల్లిమాంసం వాడు" అని వస్తుంది. అది పిల్లి మాంసం కాదు, పిల్లులకి పెట్టే మాంసం! తెలుగులో ఆ "కి" ఎంత అవసరమో చూశారా. ఈ దశలో కూడా కొలత చిన్నదే. ఒక పుల్ల కొంటే ఆ రోజుకి అంతే.

బిస్కెట్ వచ్చింది

జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్ వెళ్ళాడు. అక్కడి రేవులో ఓడవాళ్ళు పారేసిన గట్టి బిస్కెట్లని కుక్కలు తినడం చూశాడని కథగా చెప్తారు. 1860 ప్రాంతంలో ఆయన గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, ఎండిన మాంసం కలిపి కుక్కల కోసమే ఒక బిస్కెట్ చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో కుక్క కోసం వేరుగా చేసి అమ్మిన తిండి ఇదే మొదటిదంటారు.

ఇక్కడ ఆలోచించాల్సింది బిస్కెట్ గురించి కాదు, దాని వెనకున్న ఆలోచన గురించి. అప్పటిదాకా కుక్క తిండి అనేది మిగిలిపోయే వస్తువు. ఇప్పుడది కొనే వస్తువు అయింది. మిగిలినదానికి హద్దు ఉంటుంది. కొనేదానికి జేబే హద్దు.

స్ప్రాట్ కంపెనీలో చిన్న వయసులో చేరిన ఒక ఉద్యోగి పేరు చార్లెస్ క్రఫ్ట్. కుక్కల బిస్కెట్లు అమ్ముతూ అమ్ముతూ ఆయన కుక్కల ప్రదర్శనలు పెట్టడం మొదలుపెట్టాడు. 1891లో లండన్‌లో తన పేరుతో పెట్టిన ప్రదర్శన ఇప్పటికీ జరుగుతోంది. జాతి కుక్క, కొన్న తిండి, ప్రదర్శన - ఈ మూడూ కలిసే పెరిగాయి.

1908లో న్యూయార్కులో ఒక బేకరీ కంపెనీ ఎముక ఆకారంలో కుక్క బిస్కెట్ చేసింది. మిల్క్-బోన్ అనే పేరుతో అది ఇప్పటికీ దొరుకుతుంది. అలాంటి బిస్కెట్టే ఇప్పుడు మన ఇళ్ళలో భోజనం కాకుండా మధ్యలో ఇచ్చేది అయింది. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది: తాయిలం. పిల్లల్ని బుజ్జగించడానికి పెట్టే తీపి తాయిలం. ఆకలికి పెట్టేది కాదు, మనసుకి పెట్టేది. కుక్క జీవితంలోకి తాయిలం ఇలా వచ్చింది.

డబ్బా, తర్వాత సంచి

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో కార్లు, ట్రాక్టర్లు పెరిగాయి. గుర్రాలకి పని తగ్గింది. 1922లో ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్ ఊళ్ళో ఒక కంపెనీ గుర్రం మాంసాన్ని డబ్బాలో పెట్టి కుక్కల తిండిగా అమ్మింది. ఆ డబ్బా పేరు కెన్-ఎల్ రేషన్. డబ్బా తిండి బాగా అమ్ముడుపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో తగరం, మాంసం రెండూ సైన్యానికి కావలసి వచ్చాయి. డబ్బాలు ఆగిపోయాయి. అప్పుడు పొడి తిండి ముందుకి వచ్చింది.

1957లో రాల్‌స్టన్ ప్యూరినా కంపెనీ డాగ్ చౌ అనే పొడి తిండిని దేశమంతా అమ్మడం మొదలుపెట్టింది. అది తయారయ్యే పద్ధతి మనకి తెలిసినదే. జంతికల గొట్టం ఊహించుకోండి. పిండిని గొట్టంలో పెట్టి నొక్కితే చిల్లుల్లోంచి బయటికి వస్తుంది. ఇది కూడా అలాంటిదే, కానీ వేడి, ఒత్తిడి చాలా ఎక్కువ. బయటికి రాగానే గుళిక పొంగుతుంది. దాన్ని ముక్కలుగా కోసి, ఆరబెట్టి, పైన కొవ్వు చల్లుతారు. కొవ్వు చల్లేది రుచి కోసం. ఇంగ్లీషులో కిబుల్ అనేది ఇదే.

ఈ పొడి తిండి వల్ల మంచి కూడా జరిగింది. అది ఒప్పుకోవాలి. విటమిన్లు, ఖనిజాలు లెక్క ప్రకారం కలపడం వచ్చింది. తిండి లోపాల వల్ల వచ్చే జబ్బులు తగ్గాయి. పిల్లుల విషయంలో ఒక ఉదాహరణ చెప్తాను. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, దాని ఒళ్ళు సరిపడా తయారు చేసుకోలేదు. తిండిలో అది తక్కువైతే గుండె కండరం బలహీనమవుతుందని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ పరిశోధకులు చూపించారు. కంపెనీలు టారిన్ పెంచాక ఆ గుండె జబ్బు చాలావరకు తగ్గిపోయింది. కాబట్టి ప్యాకెట్ తిండే విషం అని నేను అనడం లేదు.

కానీ పొడి తిండికి రెండు గుణాలున్నాయి. మొదటిది, కొంచెంలోనే చాలా శక్తి ఉంటుంది. ఒక కప్పులో 350 నుంచి 400 కేలరీలు మామూలు. రెండోది, అది పాడవదు. పొద్దున్న పోసి రాత్రిదాకా వదిలేయవచ్చు. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచవచ్చు. చద్దన్నం గిన్నెలో సాయంత్రం దాకా ఉంటే పులిసిపోతుంది, ఈగలు ముసురుతాయి. పొడి గుళికకి ఆ బాధ లేదు. మిగిలిందే తినే రోజుల్లో కుక్కకి కొలత పెట్టింది మన పేదరికం, మన ఎండ. సంచి వచ్చాక ఆ రెండు కాపలాలూ పోయాయి.

పిల్లి ఇంట్లోకి వచ్చింది

1947లో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే ఆయన పిల్లుల కోసం ఒక రకం బంకమట్టిని సంచుల్లో అమ్మడం మొదలుపెట్టాడు. అది తడి పీల్చుకుంటుంది, వాసన తగ్గిస్తుంది. అంతకుముందు ఇసుకో బూడిదో వాడేవాళ్ళు, లేదా పిల్లిని బయటికి వదిలేవాళ్ళు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పిల్లి ఏడాదంతా నాలుగు గోడల మధ్య ఉండటం సుఖంగా సాధ్యమైంది ఇలాంటి మట్టి వల్లే.

ఇంట్లో ఉండే పిల్లి ఎక్కువ కాలం బతుకుతుంది. కారు కింద పడదు, కొట్లాటల్లో దెబ్బలు తగలవు. కానీ ఎలక లేదు, పరుగు లేదు. ముద్ద మాత్రం మిగిలింది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా ఈ కాలంలోనే మామూలైంది. లాస్ ఏంజెలస్ నగరం 1971లో తక్కువ ఖర్చుతో ఈ ఆపరేషన్ చేసే క్లినిక్ తెరిచింది. దానివల్ల దిక్కులేని కుక్కపిల్లలు, పిల్లికూనలు లక్షల్లో చచ్చిపోవడం తగ్గింది. చాలా మంచి పని. అయితే ఆపరేషన్ అయిన జంతువుకి తిండి అవసరం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆపరేషన్ మర్నాటి నుంచి గిన్నె చిన్నది కావాలి. చాలా ఇళ్ళలో గిన్నె అదే ఉండిపోయింది.

నవ్వులాటగా ఉన్న రోజులు

నేను చదివింది ఇంగ్లీషు మీడియంలో. మా తరం పిల్లలు చాలామంది జేమ్స్ హెరియట్ అనే పశువుల డాక్టర్ కథలు ఇష్టంగా చదివారు. ఆయన మొదటి పుస్తకం 1970లో వచ్చింది. 1930ల నాటి యార్క్‌షైర్ పల్లెల కథలవి. అందులో ట్రికీ వూ అనే పెకినీస్ కుక్క ఉంటుంది. ఒక ధనవంతురాలు దానికి కేకులు, తీపి పెట్టి పెట్టి కదలలేకుండా చేస్తుంది. డాక్టరు దాన్ని తన ఆస్పత్రికి తీసుకెళ్తాడు. మందు ఏమీ ఇవ్వడు. తిండి తగ్గించి మిగతా కుక్కలతో ఆడుకోనిస్తాడు. రెండు వారాల్లో అది గెంతుతూ ఇంటికి వెళ్తుంది.

ఆ కథలో ఒక చారిత్రక సంగతి ఉంది. 1930ల పల్లెలో లావు కుక్క అంటే పెద్దింటి వింత. అందుకే అది నవ్వు తెప్పించే కథ అయింది. కానీ ఆ పుస్తకం అచ్చయిన 1970లోనే, బ్రిటన్‌లో పశువైద్యుల పత్రిక ఒక సర్వే ప్రచురించింది. వెయ్యి పెంపుడు కుక్కల్ని పరీక్షిస్తే 28 శాతం ఊబకాయంతో ఉన్నాయని తేలింది. ఆ నలభై ఏళ్ళలో పెద్దింటి వింత మామూలు ఇంటి సంగతి అయిపోయింది.

1978లో అమెరికా పేపర్లలో గార్‌ఫీల్డ్ అనే కార్టూన్ పిల్లి వచ్చింది. లావుగా, బద్ధకంగా, లసాన్యా తింటూ ఉంటుంది. మన పిల్లలందరికీ తెలుసు. ఆస్ట్రేలియాలో హిమ్మీ అనే పిల్లి 21.3 కిలోల బరువుతో గిన్నిస్ రికార్డు సంపాదించింది. మామూలు పిల్లి నాలుగైదు కిలోలుంటుంది. హిమ్మీ 1986లో చనిపోయింది. తర్వాత గిన్నిస్ వాళ్ళు "అన్నిటికన్నా బరువైన పిల్లి" అనే రికార్డునే తీసేశారు. రికార్డు కోసం జనం పిల్లులకి అతిగా పెడతారన్న భయంతో తీసేశారు. నవ్వులాట అక్కడ ఆగింది.

లెక్క తేలింది

లావు వల్ల నష్టం ఎంతో తెలిసింది ఒక ఓపికైన ప్రయోగం వల్ల. 1987లో ప్యూరినా కంపెనీ పరిశోధకులు 48 లాబ్రడార్ కుక్కపిల్లల్ని తీసుకుని 24 జతలు చేశారు. జతలో ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు. ఒకదానికి ఎంత పెట్టారో, రెండోదానికి అందులో 25 శాతం తక్కువ పెట్టారు. తిండి అదే, కొలత ఒక్కటే తేడా. అలా జీవితాంతం చూశారు. ఫలితాలు 2002లో వచ్చాయి.

తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు. ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్ళు. తేడా దాదాపు ఒక ఏడాది పది నెలలు. కీళ్ళ నొప్పులకి మందు కావలసి వచ్చిన వయసు కూడా అలాగే మారింది. ఎక్కువ తిన్నవాటికి 10.3 ఏళ్ళకి, తక్కువ తిన్నవాటికి 13.3 ఏళ్ళకి. ముఖ్యమైన విషయం ఇంకొకటి. ఎక్కువ తిన్నవి చూస్తే భయపడేంత లావు కావు. మన ఇళ్ళలో "బొద్దుగా ఉంది" అంటామే, దాదాపు అంతే. సంచులు అమ్మే కంపెనీయే ఈ లెక్క తేల్చడం గమనించండి.

2019లో ఇంకో పరిశోధన వచ్చింది. అమెరికా ఆస్పత్రుల్లో నమోదైన 50 వేలకి పైగా కుక్కల రికార్డులు చూశారు. మొత్తం 12 జాతులు. అన్నిట్లోనూ నడివయసులో లావైనవి తక్కువ కాలం బతికాయి. ఆ తేడా మగ జర్మన్ షెపర్డ్‌లో ఐదు నెలలు, మగ యార్క్‌షైర్ టెర్రియర్‌లో రెండున్నర ఏళ్ళు.

మందు కూడా ప్రయత్నించారు. 2007లో అమెరికా ప్రభుత్వం కుక్కల ఊబకాయానికి మొదటి మందుని అనుమతించింది. దాని పేరు స్లెంట్రాల్. అది కొన్నేళ్ళలో మార్కెట్ నుంచి వెళ్ళిపోయింది.

2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు లాబ్రడార్ల గురించి ఒక సంగతి కనుక్కున్నారు. దాదాపు ప్రతి నాలుగింటిలో ఒక లాబ్రడార్‌కి ఒక జన్యువులో చిన్న ముక్క లేదు. ఆ ముక్క లేకపోతే కడుపు నిండిన కబురు మెదడుకి సరిగా అందదు. ఆ కుక్క నిజంగానే ఎప్పుడూ ఆకలితో ఉంటుంది. అంధులకి, వికలాంగులకి సాయం చేసే లాబ్రడార్లలో ఈ లోపం ఇంకా ఎక్కువ కనిపించింది. తిండి ఆశ చూపించి నేర్పిస్తారు కదా, ఆకలి ఉన్న కుక్క బాగా నేర్చుకుంటుంది. ఈనాడు హైదరాబాద్, విశాఖ అపార్ట్‌మెంట్లలో కూడా లాబ్రడార్ అంటే చాలామందికి ఇష్టం. కాబట్టి ఇది మన బంధువుల ఇళ్ళ సంగతి కూడా. అది అలా చూసిందంటే ఆకలి నిజమే కావచ్చు, కానీ అవసరం నిజం కాదు.

మన ఇళ్ళు, మన ముద్ద

ఇప్పుడు మన సంగతికి వస్తాను. నేను గుడిలో ప్రసాదం పంచే సేవ చేస్తాను. "ఇంకో దొన్నె ఇవ్వండి, మా కుక్కకి" అని అడిగేవాళ్ళు ఉన్నారు. ప్రేమతోనే అడుగుతారు. మన ధర్మంలో ఇంటివాడు చేయాల్సిన ఐదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. అంటే ప్రాణులకి తిండి పెట్టడం. కాకికి ముద్ద, కుక్కకి ముద్ద, ఆవుకి ముద్ద. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలుంటాయి. భైరవుడి వాహనం కుక్క. మహాభారతం చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు. పెట్టడం మన రక్తంలో ఉంది.

కానీ ఆ ఆచారంలో పెట్టేది "ముద్ద". ముద్ద అంటే చేతిలో పట్టేంత. అదే ఒక కొలత. ఆ ముద్ద వెళ్ళేది బయట ఆకలితో ఉన్న ప్రాణికి. సోఫా మీద ఉన్న టామీ అప్పటికే రెండు కప్పులు తిన్నాడు. ఇంకో సంగతి, ధర్మరాజు కుక్క హిమాలయాల దాకా నడిచింది. మన టామీ తలుపు దాకా నడుస్తాడు.

మన ఇళ్ళలో ఇంకో పరిస్థితి ఉంది. ఇండియా నుంచి అమ్మమ్మో తాతయ్యో ఆరు నెలలు ఉండటానికి వస్తారు. పగలంతా ఇంట్లో అందరూ బయటికి వెళ్ళిపోతారు. మిగిలేది వాళ్ళూ, కుక్కా. మనవడికి తెలుగు సరిగా రాదు, కుక్కకి ఏ భాషా అక్కర్లేదు. ఇడ్లీ ముక్క పెడితే తోక ఊపుతుంది. ఆ ఇంట్లో వాళ్ళ మాట మొదటిసారి అర్థం చేసుకునేది అదే. అలాగే పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయిన ఇళ్ళలో మా వయసు వాళ్ళు కూడా. "తిన్నావా?" అని అడగడానికి ఇంట్లో ఇంకెవరూ ఉండరు. అందుకే ఈ సమస్యని కోప్పడి తీర్చలేం. పెట్టే చేతికి ఇంకో పని చూపించాలి.

లెక్క ఒక్కసారి చూద్దాం. ఇంట్లో ఉండే పది కిలోల కుక్కకి రోజుకి సుమారు 550 నుంచి 600 కేలరీలు చాలు. ఒక పెద్ద చెంచా నెయ్యిలో దాదాపు 120 ఉంటాయి. అంటే అన్నంలో వేసిన ఒక్క చెంచా నెయ్యి దాని రోజు తిండిలో ఐదో వంతు. మనిషి లెక్కలో అది 400 కేలరీలతో సమానం. నాలుగు కిలోల పిల్లికి రోజంతా కలిపి సుమారు 200 కేలరీలే.

ప్రసాదం గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది లావు సంగతి కాదు, ప్రాణం సంగతి. లడ్డూలో, చక్కెర పొంగలిలో వేసే ఎండుద్రాక్ష కుక్క కిడ్నీలని పాడు చేయగలదు. చింతపండు కూడా అంతే అని ఈ మధ్య పరిశోధనలు చెప్తున్నాయి, కాబట్టి పులిహోర వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ ఇద్దరికీ మంచివి కావు.

మళ్ళీ కొలత

తెలుగువాళ్ళకి కొలతలు కొత్త కాదు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం - ఇవన్నీ గింజలు కొలిచే పాత పాత్రల పేర్లు, చిన్నదాని నుంచి పెద్దదానికి. కుక్క తిండికి కూడా ఇంట్లో ఒక్క పాత్ర పెట్టుకోండి. చిన్న తూకం ఉంటే ఇంకా మంచిది. ఒక రోజుకి కావలసినంత పొద్దున్నే ఒక డబ్బాలో పోసి పెట్టండి. ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. అమ్మమ్మ పది సార్లు పెట్టుకోవచ్చు, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. తాయిలాలు రోజు తిండిలో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్తారు.

కుక్క లావుగా ఉందో లేదో మీ చేత్తోనే తెలుసుకోవచ్చు. 1997లో ప్యూరినా పరిశోధకులు తొమ్మిది అంకెల కొలమానం ఒకటి ప్రచురించారు. ఒకటి అంటే బక్కచిక్కినది, తొమ్మిది అంటే బాగా లావు. నాలుగైదు దగ్గర ఉంటే మంచిది. ఇంట్లో పరీక్ష సులభం. మీ అరచేయి కింద పెట్టి, చేతి వెనక వైపు వేళ్ళతో తడమండి. కుక్క పక్కటెముకలు తడిమితే అలా ఉండాలి. అరచేతిని తడిమినట్టు మెత్తగా ఉంటే లావు. పిడికిలి బిగించి కణుపుల్ని తడిమినట్టు ఉంటే మరీ సన్నం.

తగ్గించేటప్పుడు తొందర వద్దు. ముందు డాక్టరుకి చూపించండి, ఎందుకంటే కొన్ని జబ్బుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. పిల్లిని మాత్రం ఎప్పుడూ పస్తు పెట్టకండి. లావు పిల్లి కొన్ని రోజులు ఏమీ తినకపోతే కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది. నెమ్మదిగా, నెలల మీద తగ్గించాలి. దీనికి తెలుగులో పాత మాట ఉంది: పథ్యం. ఇళ్ళలో "పత్తెం" అంటారు. మందుతో పాటు పాటించే తిండి నియమం అది.

చివరగా, మాట్లాడటం నేర్చుకుంటున్నవాళ్ళకి కొన్ని వాక్యాలు. పెద్దవాళ్ళకి "పెట్టకండి" అని మొహం మీద చెప్తే బాధపడతారు. ఇలా చెప్పి చూడండి.

"అమ్మమ్మా, టామీ ఇందాకే తిన్నాడు. ఇప్పుడు వాడికి ఆకలి లేదు, ఆశే."

"తాతయ్యా, వాడి తిండి ఈ డబ్బాలో ఉంది. ఇందులోంచి నువ్వే పెట్టు."

"అత్తయ్యగారూ, డాక్టరుగారు పథ్యం చెప్పారండీ. నెయ్యి వద్దన్నారు."

"మామయ్యగారూ, మీరు అలా నడకకి వెళ్తే వీణ్ణి కూడా తీసుకెళ్తారా? మీతో అయితే బాగా నడుస్తాడు."

ఈ నాలుగో వాక్యం ముందు నేర్చుకోండి. వద్దు అనే మాట అందులో లేదు. మామయ్యగారికీ నడక, టామీకీ నడక.